ఆడబిడ్డలది ఏ ఊరు

"తీసేస్తవా, తియ్యవా? గంతే అడుగుతున్న బిడ్డా."

పొద్దుటి నుంచి బిక్షపతి ఆ మాట ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. గొంతు మాత్రం పెంచలేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. బిగుసుకున్న నట్టును కొడితే మర పాడవుతుందనీ, కొంచెం కొంచెంగా తిప్పుతూ పోవాలనీ ఆయన నమ్మకం. మనుషుల దగ్గరా అదే పద్ధతి.

కోడలు బిందుమాధవి ఆయన ముందున్న చాయ్ గ్లాసు చూసింది. మీగడ కట్టింది. దాన్ని తీసి వేడి గ్లాసు పెట్టింది.

"తీయడం నిమిషం పని మామయ్యా. ఏమని తీయమంటారో చెప్పండి."

"నరేందర్ చెప్పిండు కద."

"తీయమన్నారు. ఎందుకో చెప్పలేదు."

"ప్రెసిడెంటు చెప్తె చాలదా?"

"నాకు చాలు. రేపు పిన్ని అడిగితే ఆవిడకు చాలదు."

పిన్ని అంటే సంతోషి. బిక్షపతికి ఒక్కగానొక్క చెల్లెలు. తీయమంటున్న పేర్లలో మొదటిది ఆమెదే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఇంతసేపూ ఆ పేరు పలకకుండా మాట్లాడుకున్నారు. ఇప్పుడు బిందు అనేసింది. బిక్షపతి గ్లాసు అందుకుని, తాగకుండానే బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. కింద వాటాలో కిరాణా దుకాణం వాళ్ళు షట్టరు ఎత్తుతున్నారు.

గొడవంతా యాప్‌తో వచ్చింది.

ఇప్పలగడ్డ నుంచి పని వెతుక్కుంటూ వచ్చి ఉప్పల్, నాచారం, మల్లాపూర్ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలకు ఒక సంఘం ఉంది. బిక్షపతి దానికి కార్యదర్శి. ఏడాదికొకసారి భోజనాలు పెట్టడం, ఎవరైనా పోతే పదిమంది వెళ్ళి నిలబడడం, అంతవరకే దాని పని. 'పిల్లలు చదువుకున్నరు, ఎవ్వలు ఎక్కడున్నరో ఒకరికొకరికి తెల్వదు. నీ కోడలు ఫోన్ల తెరలు గీసే పని జేస్తది కద, మనకొకటి చెయ్యమను' అని అడిగింది అధ్యక్షుడు నరేందరే.

ఎండాకాలం నుంచి బిందు ఆఫీసు పనీ ఇంటి పనీ అయ్యాక మిగిలిన వేళల్లో దాన్ని కట్టుకుంటూ వచ్చింది. నెట్‌వర్కింగ్, మెంటార్‌షిప్, ఈవెంట్స్ అని మూడు గదులు రాసుకుంటే, "గవి మా ఊర్లె ఎవ్వనికి సమజైతయ్?" అని బిక్షపతి పేర్లు మార్పించాడు. మనోళ్ళు. దారి చూపేటోళ్ళు. కలిసే దినాలు. ఆ పేర్లు కుదిరిననాడు ఆయన సంబరం చూసి భార్య ఉప్పలమ్మ, "కొడుకు పుట్టిననాడు గూడ పేరుకు గింత ఆలోచన జెయ్యలే" అంది.

రేపు ఆదివారం ఉప్పల్‌లో సంఘం భోజనాలు. అందరి ముందూ యాప్ తెరవాలి.

అంతకుముందు కమిటీ పెద్దలు మాత్రం వాడి చూడాలని బిందు వాళ్ళకొక లింకు పంపింది. ఆమె భర్త దయాకర్ ముచ్చటపడి దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టాడు. చుట్టాల గ్రూపులో చెల్లెళ్ళున్నారు, మేనత్తలున్నారు. ఆ చెల్లెళ్ళకు చిన్ననాటి స్నేహితురాళ్ళున్నారు.

చేరేవాళ్ళను యాప్ ఒక ప్రశ్న అడుగుతుంది. 'ఇప్పలగడ్డ మీకేమవుతుంది?' దాని కింద రెండు గళ్ళు. పుట్టిన ఊరు, మెట్టిన ఊరు. తెరలన్నీ కాగితం మీద గీసి చూపించిననాడు ఆ ప్రశ్న దగ్గర కమిటీలో ఎవరూ ఆగలేదు. నరేందర్ తన ఫొటో ఇంకాస్త పెద్దది చేయమన్నాడు. అంతే.

నిన్న సాయంత్రానికి, పుట్టిన ఊరు అని నొక్కిన ఆడవాళ్ళు సంఘంలోని మగవాళ్ళను దాటిపోయారు. బోడుప్పల్ నుంచి, ఘట్‌కేసర్ నుంచి, జనగామ నుంచి, ఎక్కడెక్కడి అత్తగారిళ్ళ నుంచో చేరారు. దారి చూపేటోళ్ళ గదిలో ఒక బ్యాంకు ఆఫీసరు, హబ్సిగూడ ల్యాబులో పనిచేసే ఆవిడ, కోర్టులో క్లర్కు, ఆసుపత్రిలో నర్సుల ఇన్‌చార్జి సంతోషి. మగవాళ్ళు దాదాపు అందరూ 'దారి కావాలె' అన్నవైపు చేరారు.

చీకటి పడకముందే నరేందర్ ఫోను వచ్చింది. పెళ్ళై వెళ్ళిపోయిన ఊరి ఆడబిడ్డలు సంఘం సభ్యులు కారు, పేర్లు తీసెయ్యమని.

*

"ఇంక నడుస్తనే ఉందా పంచాయితీ?"

దయాకర్ తుండుతో తల తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చర్లపల్లిలో ఒక కంపెనీలో స్టోర్సు చూస్తాడు. శనివారం సెలవు.

"పెట్టింది నువ్వే కదా," అంది బిందు, ఉప్మా కలుపుతూ.

"నేను ఫార్వర్డ్ జేసిన. పంచాయితీ వాళ్ళు పెట్టిన్రు."

"బాగుంది."

"ఒక మాట చెప్త, కోపం జెయ్యకు. పేర్లు తియ్యకు. జర కనవడకుండ పెట్టు. రేపు అందరి ముంగట తెరిసినప్పుడు మగోళ్ళయి కనవడితె చాలు. భోజనాలు తింటరు, పోతరు. సోమవారం మళ్ళ కనవడేటట్టు జెయ్యి. నరేందర్ చిన్నాయినకు గంత లోపలికి పోయి చూసే ఓపిక లేదు."

బిందు గరిటె పక్కన పెట్టింది.

"ఉంటారు, కానీ కనపడరు. ఇప్పటిదాకా జరుగుతున్నది అదే కదా దయా. దానికి యాప్ ఎందుకు?"

"అబ్బ. నీతోని మాట్లాడుడంటె వకీలును పెట్టుకోవాలె."

"పోనీ, మీ సంతోషి అత్తకు నువ్వే ఫోన్ చెయ్యి. 'అత్తా, రేపు ఒక్కరోజు నువ్వు కనపడవు' అని చెప్పు. నువ్వు చెప్పగలిగితే నేను చేస్తాను."

దయాకర్ తుండు భుజాన వేసుకుని ఉప్మా పళ్ళెం అందుకున్నాడు. పళ్ళెం ఖాళీ చేసి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు.

ఉప్పు సరిగ్గానే ఉందని ఇద్దరికీ తెలుసు.

*

మధ్యాహ్నం ఉప్పలమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. బిందు ఎదురుగా కూర్చుని ఈనెలు తీయసాగింది. అత్తాకోడళ్ళకు మాటలు కుదిరేది ఇలాంటి పనుల దగ్గరే. చేతులు ఊరికే ఉంటే ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచదు.

"మీ మామ మీద గుస్స పెట్టుకోకు పిల్లా. ఆయనకు చెల్లెంటె పానం."

"మరి తీయమంటున్నారు కదా అత్తయ్యా."

"పానం గాబట్టే నిన్ను తియ్యమంటుండు. ఆయన చేతుల్తోని తియ్యలేక."

బిందు ఒక కాయ విప్పి, పురుగుందేమో చూసి, పళ్ళెంలో వేసింది. పుట్టి పెరిగింది ఏఎస్ రావు నగర్‌లో. తల్లిదండ్రులు గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. ఈ ఇంట్లోని కొన్ని సంగతులు ఇప్పటికీ ఆమె అడిగి తెలుసుకోవలసినవే.

"సభ్యులైతే నష్టమేమిటి అత్తయ్యా? వాళ్ళేమీ అడగలేదు కదా."

"నష్టం గాదు, వరస. ఆడబిడ్డంటె పిలిస్తె వచ్చేది. తనంతట తాను వచ్చి, నేనున్న అనేది గాదు. పక్కింట్ల ఒడిబియ్యం చూసినవ్ కద?"

చూసింది. పెళ్ళైన కూతుర్ని పుట్టింటివాళ్ళు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, కొత్త చీర ఒడిలో పెట్టి పంపారు. కొన్నేళ్ళకొకసారి అలా చేస్తారట. ఆ పిల్ల ఒడి పట్టుకుని లేవడానికి ఇద్దరు సాయం పట్టారు. వీధి వీధంతా వచ్చి చూసింది.

"గది పోసినన్ని దినాలు ఆడిపిల్లకు తల్లిగారిల్లు ఉన్నట్టు. 'ఫలానోళ్ళ బిడ్డ వచ్చింది' అని ఊరంత ఒకపారి అనుకుంటది. మరి సంతోషి పెనిమిటి పోయిండు. మొగడు లేనామెకు ఒడిబియ్యం పొయ్యరు."

"ఎవరూ పోయరా?"

"ఎవ్వరు పొయ్యరు. మీ మామ ఒకపారి పోస్తనన్నడు. మా అత్త బతికే ఉండె. ఇంటికి మంచిది గాదు, వద్దన్నది. ఆయన మళ్ళ ఆ మాట ఎత్తలే."

ఉప్పలమ్మ ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"నా పేరు గూడ ఉన్నదా అండ్ల?"

"ఉంది అత్తయ్యా. మామయ్య కుటుంబంలో."

"ఏ ఊరని రాసినవ్?"

"ఇప్పలగడ్డ అనే."

"నన్నడిగినవా?"

బిందు చెయ్యి ఆగింది. అడగలేదు. మగవాళ్ళ పేర్లు ఎక్కించేటప్పుడు భార్యల పేర్లు వాటి కింద తమంతట తామే చేరేలా కట్టింది. పని తగ్గుతుందని. కూతుళ్ళకు ప్రశ్న పెట్టిన మనిషి కోడళ్ళకు పెట్టలేదు. తనకు కూడా.

"లేదు."

"మాది పిట్టలవాడ. ఆలేరు దిక్కు. ఊకె చెప్తున్నలే," అని ఉప్పలమ్మ ఈనెలు కొంగులోంచి చాటలోకి దులుపుకుంది. "ఈ చిక్కుడుకాయ ముదిరింది. గింజలే పనికొస్తయ్."

*

సాయంత్రం నరేందర్ వచ్చాడు. ఉప్పల్‌లో ఆయనకు డేరాల దుకాణం ఉంది. ఇప్పలగడ్డవాళ్ళ ఇళ్ళలో పెళ్ళికైనా చావుకైనా కుర్చీలు ఆయనవే. బిక్షపతికి వరసకు తమ్ముడు. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీని కదిపి చూసి కూర్చుంటాడు.

"అన్నా, రేపటి డేరా ఎక్కింది, కుర్చీలు దిగినయ్. ఇగ నీ కోడలి పని ఒక్కటే మిగిలింది. అయిందా?"

"కాలే," అన్నాడు బిక్షపతి.

"కాలేదా, చెయ్యలేదా?"

"నేనే చెయ్యలేదు మామయ్యా," అంది బిందు, చాయ్ ఇస్తూ.

నరేందర్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. అంత దూరం మెట్లెక్కి వచ్చింది కూడా కోడలి మనసు కష్టపెట్టకుండా చెప్పాలనే.

"మీ దిక్కు ఎట్లనో నాకు తెల్వదు బిడ్డా. మా దిక్కు ఆడబిడ్డ వస్తదంటె చీర పెట్టాలె. అల్లుడు వస్తడంటె కోడి కొయ్యాలె. ఉత్త చేతుల్తోని పంపితె ఊరి ఇజ్జత్ పోతది. నువ్వు ఒక్క గడి గీసినవ్, ఊరి అల్లుళ్ళందరు నా మెడ మీద పడ్డరు. గిన్ని కోళ్ళు యాడికెళ్ళి తేవాలె?"

"యాప్‌ల కోడి దిగదు చిన్నాయినా," అన్నాడు దయాకర్.

"నువ్వు ఊకో. గిదంత నీ ఏలు జేసిన పనే." చాయ్ ఒక గుక్క తాగాడు. "ఇంకోటి బిడ్డా. ఒక్క మనిషి రెండు ఊర్ల సంఘాలల్ల ఎట్లుంటది? సంతోషినే చూడు. వాళ్ళ అత్తగారూరోళ్ళ సంఘం బోడుప్పల్‌ల మస్తు పెద్దది. అండ్ల పేరు ఉండనే ఉంటది ఆమెకు. మళ్ళ ఈడ ఎందుకు?"

"లేదన్నా. ఆడ లేదు."

సంతోషి మెట్లెక్కి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. భుజాన సంచి, చేతిలో జామకాయల కవరు. ఆడబిడ్డల పేర్లు తీసివేయబడతాయని మధ్యాహ్నం చుట్టాల గ్రూపులో నరేందర్ పెట్టిన మాట చూసి రాకుండా ఉంటుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అయినా అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు.

"మా ఆయన ఉన్నన్ని దినాలు ఉండె. కుటుంబ పెద్ద పేరు మీద రాస్తరట. పెద్ద పోయినంక కుటుంబం పేరు గూడ కొట్టేసిన్రు. మంచిగున్నవా నరేందరన్నా?"

"మంచిగున్న చెల్లె."

"రా సంతోషీ, కూసో," అని ఉప్పలమ్మ జామకాయల కవరు అందుకుంది. "చాయ్ తాగు."

"తాగుత వదినా. ముందుగాల ఈ ముచ్చట తెగనీ."

ఆమె అన్న పక్కన కాదు, అన్నకు ఎదురుగా కూర్చుంది. బిక్షపతి చెల్లెలి మొహం చూడలేక ఆమె సంచి వైపు చూశాడు.

నరేందర్ గొంతు తగ్గించాడు.

"చెల్లె, నీ మీద గాదు. నువ్వు మా అందరికంటె ఎక్కువ చదివినవ్, నౌకరి జేస్తున్నవ్, నలుగురికి చెప్పేదానివి. పద్ధతి మాట ఇది. ఒక్కసారి దారి ఇస్తె ఆగదు. ఇయ్యాల యాప్‌ల పేరు అంటరు. రేపు పాస్‌బుక్కుల పేరు అంటరు. నేనొక్కన్నే అంటలే. ఊర్లె అందరు గదే అంటున్నరు."

ఊళ్ళో తండ్రుల భూములన్నీ కొడుకుల పాస్‌బుక్కుల్లోకే ఎక్కాయి. ఎవరిళ్ళలోనైనా అంతే. ఆ మాట ఎవరూ ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. కింద దుకాణంలో ఎవరో పాలప్యాకెట్టు అడగడం స్పష్టంగా వినిపించింది.

"పాస్‌బుక్కు మాట నేను ఎత్తలే అన్నా," అంది సంతోషి. "నువ్వెత్తినవ్. మీ మనసుల అదున్నదని నాకు ఇప్పుడే తెలిసింది."

"అట్ల గాదు చెల్లె..."

"కానీ. నేను వచ్చింది దానికి గాదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మా ఆయన పోయినప్పటి సంది ఇప్పలగడ్డకెళ్ళి నాకు వచ్చే పిలుపులన్ని చావులకే. పెండ్లిళ్ళకు పత్రిక వస్తది. బొట్టు పెట్టి పిలిచేందుకు ఎవ్వలు రారు. నేను గూడ పోను. ఒకల శుభానికి నేనెందుకు అడ్డమని. మొన్న బస్సుల కూసున్న. దయాకర్ పంపిందాన్ని ఊకె ఒత్తిన. 'ఇప్పలగడ్డ మీకేమవుతుంది' అని అడిగింది. చాన సేపు చూసిన దాన్ని. నా స్టాపు దాటిపోయింది. పుట్టిన ఊరు అని ఒత్తిన. గంతే నేను జేసిన తప్పు."

"తప్పని ఎవ్వరన్నరు?" అన్నాడు బిక్షపతి. చెల్లెలు వచ్చాక ఆయన నోరు తెరవడం అదే.

"తప్పు గాకుంటె తియ్యుడెందుకన్నా?"

సంతోషి నరేందర్ వైపు తిరిగింది.

"మన రాములు బిడ్డ గౌతమి ఉన్నది. నర్సింగు అయిపోయింది, హబ్సిగూడల హాస్టల్‌ల ఉంటది. ఈ యాప్‌లకెళ్ళే నన్ను దొరకవట్టింది. 'మేడం, ఇంటర్వ్యూకు ఏం కట్టుకొని పోవాలె' అని రాసింది. మేడం గాదు, అత్తా అను, మీ నాయిన నాకు వరసకు తమ్ముడు అని చెప్పిన. అప్పటి సంది పూటకు పదిమాట్లు అత్తా అంటది. సోమవారం ఇంటర్వ్యూ. రేపు నా పేరు తీస్తె ఎల్లుండి ఆ పిల్ల నన్ను ఏమని పిలవాలె?"

నరేందర్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఏదో అనబోయి, బిక్షపతి వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వు చెప్పు. నువ్వు కార్యదర్శివి. కమిటీ మాటకు కట్టుబడుతవా, లేదా?"

కమిటీ అంటే బిక్షపతికి ఊరికే మాట కాదు. నాచారం వచ్చిన కొత్తలో, అద్దె గది కూడా దొరకని రోజుల్లో, ఆ మనుషులే తలా ఒక చాప తెచ్చి ఇచ్చారు. తండ్రి పోయిననాడు డేరా వేసింది నరేందరే. ఎదురుగా ఉన్న చెల్లెలు ఆ తండ్రి ఎత్తుకు తిరిగిన బిడ్డ.

"కట్టుబడుత," అన్నాడాయన.

ఉప్పలమ్మ జామకాయలు కోస్తున్నదల్లా కత్తిపీట పక్కకు జరిపింది. సంతోషి తల ఊపింది, వార్డులో డాక్టరు చెప్పిన మాట విన్నట్టుగా.

"అయితె నీ చేతుల్తోనే తియ్యి అన్నా. కోడలు పిల్లతోని తీపియ్యకు. ఈ ఇంటికి బయటినుంచి వచ్చిన పిల్ల, ఈ ఊరి పాపం ఆమెకెందుకు?"

"ఎట్ల తియ్యాలె బిడ్డా?" బిక్షపతి ఫోను అందుకుని బిందును అడిగాడు.

బిందు మామగారి పక్కన నిలబడి చెప్పింది. మాట తడబడకుండా చూసుకుంది.

"పేరు మీద నొక్కితే కింద తొలగించు అని వస్తుంది మామయ్యా. కారణం రాయమని అడుగుతుంది. రాసి పంపితే నరేందర్ మామయ్య ఫోనుకు వెళ్తుంది. ఆయన ఒప్పుకుంటే పేరు పోతుంది. ఒక్కరి కోపంతో ఎవరి పేరూ పోకూడదని అలా పెట్టాను."

"కారణం లేకుంటె?"

"లేకపోతే ముందుకు పోదు."

బిక్షపతి కళ్ళజోడు పెట్టుకున్నాడు. మీసాల కింద పెదాలు కదుపుతూ, ఒక్కొక్క పేరూ చదువుతూ, తెరను పైకి జరుపుతూ పోయాడు. చాలాసేపు జరిపాడు. తర్వాత ఒక పేరు మీద ఆగాడు.

"నరేందరూ, కారణం ఏమని రాయాలె?"

"రాసేందుకేమున్నదన్నా? ఉన్నదే రాయి. పెండ్లయింది అని రాయి."

"పెండ్లయింది."

"గంతే. పెండ్లయినంక ఊరు మారుతది. అందరికి తెలిసిందే."

ఆయన వేలు అక్షరాలు వెతుక్కుంది. 'పె' దొరికింది. సున్న కోసం తడుముకున్నాడు. దయాకర్ సాయం చేయడానికి లేవబోతే ఉప్పలమ్మ కళ్ళతోనే వద్దంది. బిందు కిటికీ వైపు తిరిగింది. సంతోషి మాత్రం చూపు తిప్పలేదు. అన్న రాస్తున్నంతసేపూ, చిన్నప్పుడు పలక మీద అతను రాస్తుంటే చూసినట్టు, ఆ వేలినే చూసింది.

"పంపిన," అని బిక్షపతి ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు.

నరేందర్ జేబులో ఫోను చిన్నగా మోగింది. తీశాడు. కాస్త దూరంగా పట్టుకుని చదివాడు. మళ్ళీ దగ్గరకు తెచ్చుకుని చదివాడు.

"గిదేందన్నా?"

"చదువు. అందరికి ఇనవడేటట్టు చదువు."

నరేందర్ చదవలేదు. దయాకర్ వెనకనుంచి వంగి చూసి చదివాడు. "ఎలికట్టె బిక్షపతి, కార్యదర్శి. తొలగింపు కోరుతున్నారు. కారణం, పెండ్లయింది." చివరి మాట దగ్గర అతనికి నవ్వు తన్నుకొచ్చింది. తండ్రి మొహం చూసి ఆపుకున్నాడు.

"నాది నేను పెట్టిన," అన్నాడు బిక్షపతి. "నాకు గూడ అయింది కద తమ్మీ. ఉప్పలమ్మ సాచ్చం. ఊరు గూడ మారింది. నేను ఇప్పలగడ్డ ఇడిచిపెట్టి నాచారం వచ్చి ఎన్నేండ్లాయె? కమిటీ చెప్పిన కారణానికి కట్టుబడిన. ఇగ నువ్వు ఒప్పుకో."

నరేందర్ చేతిలో తెర వెలుగుతూనే ఉంది. దాని మీద రెండు మాటలు. ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోను. ఒప్పుకుంటే రేపటి భోజనాలకు కార్యదర్శి లేడు. వద్దంటే, పెండ్లయితే పేరు పోదని తన వేలితో తానే చెప్పినట్టు.

"రెండు ఒత్తకుంటె?" అని బిందును అడిగాడు. ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ.

"ఏదీ మారదు మామయ్యా. ఆయన పేరు అలాగే ఉంటుంది. మీ ఫోను మాత్రం అడుగుతూ ఉంటుంది."

అప్పటిదాకా కదలకుండా కూర్చున్న సంతోషి లేచింది. ఆమె మొహంలో సంతోషం లేదు.

"నేను గిది అడిగిన్నా అన్నా? నా పేరు ఉండాలన్న. నీ పేరు పోవాలన్ననా? ఇంక మా ఊర్లె అందరు ఏమంటరు? సంతోషి వచ్చి అన్నను సంఘంలకెళ్ళి తీపిచ్చింది అంటరు. ఎన్నటికన్న నేను ఆ ఊర్లె కాలు పెట్టొద్దా?"

బిక్షపతి దెబ్బతిన్నట్టు చూశాడు. ఈ మాట ఆయన లెక్కలో లేదు.

"వాపస్ తీసుకో," అంది ఆమె. "ఇప్పుడే తీసుకో."

"తీసుకోను."

"అన్నా!"

"కూసో సంతోషీ. ఇన్నేండ్లు నువ్వు ఊకున్నవ్, నేను ఊకున్న. ఇద్దరం ఊకుంటె ఏమాయె?" ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "మంచో చెడ్డో, ఒకటి జేసిన. ఇగ చెయ్యవలసింది ఆయన."

నరేందర్ లేచాడు. ఎవరి మొహమూ చూడలేదు. ఉప్పలమ్మ జామకాయ ముక్కల పళ్ళెం ముందుకు జరిపి, "తిని పో మరిదీ," అంటే చెయ్యి అడ్డంగా ఊపాడు. ఫోను జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని మెట్లు దిగాడు.

కింద ఆయన బండి స్టార్టయిన చప్పుడు వచ్చింది. గేటు దాటిన చప్పుడు రాలేదు. కాసేపటికి ఇంజను ఆగిపోయింది.

పైన అందరూ మెట్ల మీద అడుగుల కోసం చెవులు పెట్టుకుని ఉన్నారు.

"వస్తుండా, ఆడనే నిలవడ్డడా?" అంది ఉప్పలమ్మ.

బాల్కనీ నాలుగడుగుల దూరంలోనే ఉంది. వెళ్ళి చూసిరావడానికి ఎవరూ లేవలేదు.